కరగని రబ్బరుతో కుస్తీ: పాత సిలికాన్ లోహాన్ని ఎందుకు వదలదు, ఎలా వదిలించాలి

పాత ఇంజిన్ నుంచి విప్పిన అల్యూమినియం మూత ఒకటి నా బల్ల మీద ఉంది. అంచు పొడవునా, నూనె కారకుండా అతుకుల్లో రాసే బూడిద రంగు సిలికాన్ సీలెంట్. కొన్నిచోట్ల పెన్సిల్ లావున ఉంది, కొన్నిచోట్ల ఉల్లిపొర కన్నా పల్చగా ఉంది. లావుగా ఉన్నచోట బ్లేడు దూర్చి కొస పట్టుకుని లాగితే రబ్బరు బ్యాండులా సాగి, జానెడు ముక్క ఒక్కసారిగా ఊడొచ్చింది. పల్చటి చోట గోటితో గీకితే గోరే అరిగింది తప్ప అది కదల్లేదు. ఒకే ట్యూబులోంచి, ఒకే రోజు, ఒకే చేత్తో రాసిన పదార్థం ఒకే మూత మీద ఇలా రెండు రకాలుగా ప్రవర్తిస్తోంది. ఈ తేడా ఎందుకో తెలిస్తే సగం పని అయినట్టే.

ఇలాంటి ముక్క చేతికి రాగానే అందరం అడిగేది ఒకటే: దీన్ని ఏది కరిగిస్తుంది? మొదటి పొరపాటు అక్కడే. ఆరిపోయిన సిలికాన్‌ని కరిగించే మామూలు ద్రావకం లేదు. ఉన్నవల్లా దాన్ని ఉబ్బించేవి, లేదంటే దాని బంధాలనే నరికేసేవి. ఉబ్బించేవి లోహం జోలికి పోవు. నరికేవి చాలాసార్లు సిలికాన్ కంటే ముందు లోహాన్నే తినేస్తాయి. అందుకని ‘ఇది ఏ సిలికాన్’ అన్నదానికంటే ‘దీని కింద ఉన్నది ఏ లోహం’ అన్నది ముందు తేల్చుకోవాలి.

అంతకంటే ముందు ఇంకో అనుమానం తీర్చుకోవాలి.

అసలు అది సిలికానేనా?

‘రాయిలా గట్టిపడిన పాత సిలికాన్’ అని చాలామంది చూపించేది చాలాసార్లు సిలికాన్ కాదు. నిజమైన సిలికాన్ ఏళ్లు గడిచినా రబ్బరులాగే ఉంటుంది. ఎండా వానా దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. గోరు గుచ్చితే లోపలికి దిగి, తీయగానే గుంట పూడిపోతుంది. గోరు అసలు దిగకపోతే అది వేరే జాతి అయ్యే అవకాశమే ఎక్కువ. వాహనాల అద్దాలు అతికించడానికి పాలీయురేథేన్ వాడతారు. పాత కిటికీల ఇనుప చట్రాల్లో అవిసె నూనెతో కలిపిన పుట్టీ ఉంటుంది. విమానాల ఇంధన ట్యాంకుల్లో, రెండు పలకల అద్దాల అంచుల్లో పాలీసల్ఫైడ్ ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ అతుకుల్లో అనేరోబిక్ సీలెంట్లు అని ఇంకో రకం ఉంటుంది. గాలి అందని చోట, లోహం తగిలితేనే గట్టిపడే రకం అది. ఆరాక రబ్బరులా ఉండదు, ప్లాస్టిక్ పెంకులా ఉంటుంది. చూయింగ్ గమ్‌లా జిగటగా వేళ్లకు అంటుకుంటే అది బ్యూటైల్.

అనుమానం తీరకపోతే మినపగింజంత ముక్క కోసి, ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి, పట్టకారుతో పట్టుకుని నిప్పు చూపించొచ్చు. సిలికాన్ కాలాక తెల్లటి బూడిద మిగులుతుంది. చాలాసార్లు ఆ బూడిద ముక్క ఆకారంలోనే నిలబడి ఉంటుంది, ముట్టుకుంటే పొడి అవుతుంది. నిజానికి అది మెత్తటి సిలికా, ఇసుకకు దగ్గర చుట్టం. పాలీయురేథేన్ అయితే నల్లటి మసితో, కరిగి కారుతూ కాలుతుంది. వాసన చూద్దామని మాత్రం ముక్కు దగ్గర పెట్టుకోవద్దు. నల్లటి రబ్బరు రింగుల మీద ఈ పరీక్ష అసలు చేయొద్దు. వాటిలో కొన్ని ఫ్లోరిన్ ఉన్న రబ్బర్లు. అవి కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది, దాంతో ఆటలు వద్దు. 1950ల నుంచి 1970ల దాకా కట్టిన భవనాల నుంచి వచ్చిన లోహపు చట్రాలైతే ఇంకో జాగ్రత్త కావాలి. ఆ కాలపు పాలీసల్ఫైడ్ సీలెంట్లలో కొన్నిటిలో పీసీబీలనే విష రసాయనాలు, పుట్టీలలో కొన్నిటిలో ఆస్బెస్టాస్ కలిపేవారు. అలాంటివాటిని కాల్చకూడదు, గరుకు కాగితంతో రుద్ది దుమ్ము లేపకూడదు.

నిజంగా గట్టిపడే సిలికాన్ ఒకటి ఉందిలెండి. 200 డిగ్రీలు దాటిన వేడిలో ఏళ్ల తరబడి మగ్గిన రకం అది. ఆ వేడికి దాని అణువుల పక్కన వేలాడే చిన్న గుంపులు ఆక్సిజన్‌తో కలిసి పోతాయి, గొలుసుల మధ్య కొత్త ముడులు పడతాయి, రబ్బరు కాస్తా పెళుసెక్కుతుంది. పొగగొట్టం దగ్గరి అతుకుల్లో ఇది కనిపిస్తుంది. వేడిని తట్టుకునే ఎర్ర సిలికాన్‌లో ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. వేడికి త్వరగా పాడవకుండా కాపాడేది కూడా అదే. చూడ్డానికి భయపెట్టినా, పెళుసెక్కిన సిలికాన్‌ని తీయడమే తేలిక. మొద్దు అంచున్న పనిముట్టుతో తడితే పెచ్చులుగా లేచిపోతుంది. మనల్ని ఏడిపించేది ఇంకా మెత్తగా, ఆరోగ్యంగా ఉన్న సిలికానే.

ఎందుకు కరగదు

తెలుగులో రెండింటినీ సిలికాన్ అనే రాస్తాం కాబట్టి ఒక మాట. చిప్పుల్లో వాడేది సిలికాన్ మూలకం. సీలెంట్ ఆ మూలకంతో చేసిన పాలిమర్. దాని వెన్నెముకలో సిలికాన్, ఆక్సిజన్, మళ్లీ సిలికాన్, మళ్లీ ఆక్సిజన్, ఇలా వరుసగా ఉంటాయి. గాజులోనూ ఇసుకలోనూ ఉన్న బంధం ఇదే. ప్లాస్టిక్‌లకు వెన్నెముక అయిన కార్బన్-కార్బన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్లు చాలు. సిలికాన్-ఆక్సిజన్ బంధానికి దాదాపు 450 కావాలి. ఈ వెన్నెముకకు రెండు పక్కలా మిథైల్ గుంపులు అంచు కుచ్చుల్లా వేలాడుతుంటాయి. వాటి వల్లే పైకి నూనెలా జారుతుంది, నీటిని దగ్గరికి రానివ్వదు. సగం గాజు, సగం నూనె అనుకోండి.

ట్యూబులో ఉన్నంతసేపూ ఈ గొలుసులు విడివిడిగా ఉంటాయి. బయటికి వచ్చి గాలిలోని తేమ తగలగానే కొసలు ఒకదాన్నొకటి పట్టుకోవడం మొదలవుతుంది. ఒక రకం సిలికాన్ రాసేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది కదా, ముడి పడేటప్పుడు బయటికి పోయే ఎసిటిక్ ఆసిడ్ వాసన అది. పూర్తిగా ఆరాక విడి గొలుసులంటూ దాదాపు మిగలవు. మూత చుట్టూ ఉన్న ఆ వరుసంతా ఒకే ఒక్క వల, ఒకే అణువు అన్నా తప్పులేదు. కరగడం అంటే అణువులు విడిపోయి ద్రావకంలో తిరగడం. వల విడిపోలేదు. ద్రావకం వల కళ్లలోకి దూరి దాన్ని సాగదీయగలదు, అంతే.

వెనిగర్ పోస్తే సిలికాన్ ఊడుతుందన్న చిట్కా ఒకటి ఉంది, అది పుట్టింది కూడా ఆ వాసనలోంచే అని నా అనుమానం. ఆరేటప్పుడు వెనిగర్ వచ్చింది కాబట్టి వెనిగర్ పోస్తే వెనక్కి వెళ్తుందని ఎవరో అనుకుని ఉంటారు. వెళ్లదు. అన్నం ఉడికేటప్పుడు ఆవిరి వచ్చిందని, ఆవిరి పట్టిస్తే అన్నం మళ్లీ బియ్యం కాదు కదా.

లోహాన్ని పట్టుకునే తీరు వేరే కథ. మనం మామూలుగా వాడే లోహాల మీద పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది. సీలెంట్‌లో కలిపే సిలేన్ అనే రసాయనాలు ఒక చేత్తో ఆ పొరను, ఇంకో చేత్తో సిలికాన్ వలను పట్టుకుంటాయి. అంటే రబ్బరు లోపలి బలం ఒకటి, రబ్బరుకు లోహానికి మధ్య పట్టు ఇంకొకటి. లావు ముక్కను లాగినప్పుడు మన చేతి బలం రబ్బరు పొడవునా పాకి అంచు దగ్గరి పట్టు మీద పడుతుంది, పట్టు వదులుతుంది. పల్చటి పొరను లాగడానికి రబ్బరే లేదు. పట్టుకునేలోపే తెగిపోతుంది. నా మూత మీద ఒకచోట జానెడు ముక్క ఊడిరావడానికీ ఇంకోచోట గోరు అరగడానికీ కారణం ఇదే.

ముందు పొడిగా, తర్వాత తడిగా

దీన్నిబట్టి పని వరుస దానంతటదే తేలుతుంది. చాలామంది ముక్క చేతికి రాగానే దాని మీద ఏదో ఒకటి పోసేస్తారు. తొందర. పొడిగా ఉన్న సిలికాన్‌కి సాగే బలం ఉంది. ఆ బలమే ఇప్పుడు మన పనిముట్టు. ద్రావకం తాగిన సిలికాన్ బలం పోయి, నానిన రొట్టెలా చిట్లుతుంది. కాబట్టి లాగగలిగినంతా పొడిగా ఉన్నప్పుడే లాగేయాలి.

లాగడంలోనూ పద్ధతుంది. కొసను లోహానికి అడ్డంగా పైకి లాగితే టప్పున తెగుతుంది. సిలికాన్ సాగుతుంది గానీ, ఎక్కడైనా చిన్న గాటు పడితే అక్కడి నుంచి చీలిక ఇట్టే పరుగెడుతుంది. అందుకని కొసను వెనక్కి మడిచి, లోహానికి దాదాపు ఆనించి, నెమ్మదిగా, ఒకే వేగంతో లాగాలి. రెండో చేతిలో ప్లాస్టిక్ బ్లేడు పట్టుకుని, రబ్బరు లోహాన్ని వదులుతున్న ఆ గీత దగ్గర మెల్లగా పొడుస్తూ ఉండాలి. అక్కడ ఒక చుక్క సబ్బునీళ్లు వేస్తే వదిలిన చోట మళ్లీ అంటుకోదు. బ్లేడును రబ్బరు మధ్యలోకి దింపితే గాటు పడి ముక్క తెగుతుంది, మళ్లీ మొదటికొస్తాం. ఆ మూత మీద నేను రెండుసార్లు అలాగే తెంపాను.

ఉక్కు బ్లేడు గురించి చాలా వాదనలు ఉన్నాయి. నా మాట: పోత ఇనుము మీద, ఉక్కు మీద పర్వాలేదు. అల్యూమినియం, ఇత్తడి, రాగి మీద మాత్రం ఉక్కు అంచు ఎప్పుడైనా లోహాన్నే గెలుస్తుంది. ఒక్క గీత పడినా, ఆ ముక్క మళ్లీ నూనెనో నీటినో ఆపాల్సిందైతే, ఆ గీతే కారే దారి అవుతుంది. ప్లాస్టిక్ బ్లేడు, లేదంటే అంచు పదును చేసిన గట్టి చెక్క ముక్క చాలు. అవి అరిగిపోతాయి. అరగాల్సింది అవే.

ఇక తడి పని. ఏ ద్రవంలో సిలికాన్ ఎంత ఉబ్బుతుందో కొలిచిన అంకెలున్నాయి. శుద్ధమైన సిలికాన్ రబ్బరు ముక్క పొడవు టాలుయిన్‌లో సుమారు 30 శాతం, హెక్సేన్‌లో 35 శాతం, జైలీన్‌లో 40 శాతం పెరుగుతుంది. పొడవు, వెడల్పు, మందం మూడూ 30 శాతం పెరిగితే మొత్తం పరిమాణం రెట్టింపు దాటుతుందన్నమాట. ఎసిటోన్‌లో పెరిగేది 6 శాతమే. రబ్బింగ్ ఆల్కహాల్‌గా దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 9 దాకా. ఇథనాల్‌లో 4. నీటిలో సున్నా. సీలెంట్లలో సుద్ద, సిలికా పొడి కలుపుతారు కాబట్టి వాటిలో ఉబ్బు ఇంకాస్త తక్కువ ఉంటుంది గానీ, వరుస మారదు. నెయిల్ పాలిష్ రిమూవర్‌తో, స్పిరిట్‌తో గంటలు గంటలు రుద్ది విసిగిపోయినవాళ్లకు జవాబు ఈ అంకెల్లో ఉంది. తప్పు చేతిది కాదు, సీసాది.

పెట్రోలియం జాతి ద్రవాలు సిలికాన్‌ని బాగా ఉబ్బిస్తాయి. ఆ జాతిలో ఇంట్లో వాడదగ్గ మెతకది, పెయింట్ పల్చన చేయడానికి వాడే మినరల్ టర్పెంటైన్. కిరోసిన్ కూడా పనిచేస్తుంది, ఇంకా నెమ్మది. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు కాస్తో కూస్తో పనిచేయడానికి కారణం వాటిలో ఉన్న ఇదే రకం నూనెలు. పెట్రోల్ ఇంకా జోరుగా ఉబ్బిస్తుంది, నిజమే. కానీ సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరిని అది వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోయి ఎక్కడో ఉన్న స్విచ్ దగ్గర అంటుకోగలదు. అందులో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ కూడా ఉంటుంది. ఒక మూత శుభ్రం చేయడానికి అంత టెన్షన్ ఎందుకు?

పాత నూలు గుడ్డను టర్పెంటైన్‌లో తడిపి సిలికాన్ మీద పరిచి, ఆవిరి పోకుండా ముక్కను పాలిథీన్ సంచిలో చుట్టి, ఆరుబయట నీడలో పెట్టండి. పల్చటి పొరకు ఒకటి రెండు గంటలు చాలు. మందంగా ఉంటే రాత్రంతా. ద్రవం రబ్బరులోకి దూరే లెక్క చిత్రంగా ఉంటుంది: మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లవుతుంది. ముందు పొడిగా కోసి పల్చన చేయమన్నది ఇందుకు కూడా.

ఉబ్బాక ఏం జరుగుతుందంటే, రబ్బరు పెరగాలనుకుంటుంది, కింద లోహం కదలదు. ఆ గుంజులాట అంతా అతుకు మీదే పడుతుంది. అంచులు ముడతలు పడి లేచి కనిపిస్తాయి. అప్పుడే, తడిగా ఉన్నప్పుడే గీకాలి. టీ తాగి వద్దామని వదిలేస్తే టర్పెంటైన్ ఆరిపోయి సిలికాన్ మళ్లీ మామూలు కొలతకు ముడుచుకుంటుంది. రాత్రంతా నానబెట్టింది వృథా.

ఉల్లిపొరతో పోరు

మిగిలిన పల్చటి పొర దగ్గరే అందరికీ ఓపిక చచ్చిపోతుంది, గ్రైండర్ మీదికి చెయ్యి పోతుంది. ఆగండి. ముందు బొటనవేలు వాడండి. గ్లౌజు వేసుకుని, టర్పెంటైన్‌తో తడిగా ఉన్న పొరను వేలితో ఒకే దిక్కుకు గట్టిగా రుద్దితే, పెన్సిల్ గీతను చెరిపినప్పుడు రబ్బరు నలుసులు వచ్చినట్టే సిలికాన్ సన్నటి పోగుల్లా చుట్టుకుని లేస్తుంది. పెన్సిల్ రబ్బరు ముక్కతో కూడా ఇదే పని చేయొచ్చు. విచిత్రం ఏంటంటే, పదునైన అంచు కంటే మెత్తటి రాపిడే ఇక్కడ బాగా పనిచేస్తుంది. బ్లేడు పొర మీద జారిపోతుంది, వేలు పొరను పట్టుకుని దొర్లిస్తుంది. తర్వాత నైలాన్ బ్రష్, మొండి పొర ఉంటే ఇత్తడి తీగల బ్రష్. స్టెయిన్‌లెస్ స్టీలు మీద మామూలు ఇనుప తీగల బ్రష్ వాడకూడదు. ఆ తీగలు వదిలిన ఇనుప రజను కొన్నాళ్లకు తుప్పుపట్టి, తుప్పుపట్టని స్టీలుకు తుప్పు మచ్చలు తెచ్చిపెడుతుంది.

గ్రైండర్‌కి తగిలించే గరుకు డిస్కుల గురించి ఇంజిన్ తయారీదారులే హెచ్చరించిన సంగతి ఒకటి ఉంది. ఆ డిస్కుల్లో అల్యూమినియం ఆక్సైడ్ రేణువులుంటాయి. కంటికి కనిపించనంత సన్నటివి, ఉక్కు కంటే గట్టివి. అవి ఇంజిన్ లోపల పడి నూనెలో కలిస్తే బేరింగులు గరుకు కాగితం మధ్య తిరిగినట్టు అరిగిపోతాయి. పైగా మెత్తటి అల్యూమినియం మీద డిస్కు పెట్టిన ప్రతిచోటా గుంట పడుతుంది. సమతలంగా ఉండాల్సిన అంచు అలలు తేలుతుంది. దాన్ని పూడ్చడానికి మళ్లీ ఎక్కువ సిలికాన్ రాస్తారు. అలా ఎక్కువ రాసిందే లోపలికి పిండుకుపోయి, తెగి, నూనె పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది. పాత ఇంజిన్ల జల్లెడల్లో బూడిద రంగు నూడుల్స్ లాంటి ముక్కలు దొరికేది అందుకే.

మరల్లో ఇరుక్కున్నదానికి కొత్త మర కోసే ట్యాప్ దింపొద్దు, అది లోహాన్ని కూడా కోసేస్తుంది. అదే కొలత పాత బోల్టుకు పొడవునా రంపంతో రెండు గాట్లు పెట్టి, మెల్లగా తిప్పుతూ దింపితే సిలికాన్ ఆ గాట్లలోకి చేరి బయటికి వస్తుంది. అడుగు మూసుకుపోయిన రంధ్రాల్లో అయితే సిలికాన్ ముక్కనూ ద్రవాన్నీ పూర్తిగా బయటికి తీశాకే బోల్టు బిగించాలి. బోల్టు పిస్టన్‌లా దిగి, కింద చిక్కుకున్న ద్రవం పోయే దారిలేక పోత లోహాన్నే పగలగొట్టగలదు.

బంధాలను నరికే మందులు, లోహం చెప్పే మాట

నా చేతులారా చేసిన నష్టం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, సిలికాన్‌ని గాఢమైన క్షారాలు తింటాయని ఎక్కడో చదివి, ఒక గేర్‌బాక్స్ మూతను కాస్టిక్ సోడా నీళ్లలో వేసి పడుకున్నాను. చదివింది నిజమే, క్షారం సిలికాన్-ఆక్సిజన్ బంధాన్ని నరుకుతుంది. కానీ నీళ్లలో ఉన్న క్షారం నీటిని దగ్గరికి రానివ్వని రబ్బరులోకి ఎంతకని దూరుతుంది? అల్యూమినియంలోకి మాత్రం ఇట్టే దూరింది. పొద్దున చూస్తే బకెట్ నురగలు కక్కుతోంది, నీళ్లు నల్లగా ఉన్నాయి, మూత నిండా మశూచి మచ్చల్లాంటి గుంటలు. సిలికాన్ మాత్రం తెల్లగా తోమినట్టు మెరుస్తూ నిక్షేపంగా ఉంది. ఆ నురగ హైడ్రోజన్, నిప్పు తగిలితే పేలే గ్యాస్. గదిలో ఎవరూ అగ్గిపుల్ల గీయకపోవడం నా అదృష్టం.

అప్పటినుంచి సీసా మీది పేరు కంటే ముందు లోహం పేరు చూస్తున్నాను. అల్యూమినియానికి క్షారం పనికిరాదు. ఓవెన్ క్లీనర్లు, మురుగు గొట్టాలు శుభ్రం చేసే పొడులు చాలావరకు క్షారాలే. జింకు పూత వేసిన రేకుకైతే ఆమ్లమూ పడదు, క్షారమూ పడదు. మనకు మిగిలేది టర్పెంటైన్, ఓపిక. మామూలు ఉక్కు, పోత ఇనుము క్షారాన్ని బాగానే తట్టుకుంటాయి. ఆమ్లం అయితే తినేస్తుంది. పైగా స్ప్రింగులు, హైటెన్సైల్ బోల్టుల లోపలికి హైడ్రోజన్ చేర్చి వాటిని పెళుసు చేస్తుంది. పైకి ఏ మచ్చా కనపడదు, ఒకరోజు పటుక్కున విరుగుతుంది. రాగి, ఇత్తడి ఆమ్లానికీ అమ్మోనియాకీ రంగు మారతాయి. వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్‌ని వాటి మీద రాసి ఉంటే, ఊడదీశాక అడుగున పచ్చగా కనిపిస్తుంది కూడా. అది సిలికాన్ మురికి కాదు, లోహమే తుప్పు పట్టింది. అల్యూమినియంలా ఉండి చేతికి మరీ తేలిగ్గా అనిపిస్తే మెగ్నీషియమేమో చూసుకోవాలి. ఆమ్లం దాన్ని కరిగించేస్తుంది, గ్రైండర్ పెడితే దాని రజను నిప్పంటుకుంటుంది.

సిలికాన్‌ని నిజంగానే విడగొట్టే తయారీ మందులు ఉన్నాయి. వాటిలో ఒక రకంలో డొడెసైల్ బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని పెట్రోలియం ద్రావకంలో కలుపుతారు. ద్రావకం వలను తెరుస్తుంది, ఆమ్లం ఆ తెరిచిన వలలోకి దూరి ముడులు నరుకుతుంది. నా కాస్టిక్ నీళ్లకు లేని తెలివి అదే. నీళ్లు కలిస్తే వీటి పని మందగిస్తుంది, కాబట్టి ముక్క పూర్తిగా ఆరి ఉండాలి. పని అయ్యాక ఆనవాలు మిగలకుండా కడగాలి. ఇంకో రకంలో ఆల్కహాల్‌లో పొటాషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది, అల్యూమినియం దగ్గరికి దాన్ని తేకూడదు. రెండూ చర్మాన్ని, కళ్లను కాల్చేవే. ఇంట్లో సొంతంగా కలుపుకునే సరుకు కాదు.

పెయింట్ ఊడదీసే పాత మందుల్లో ఉండే డైక్లోరోమీథేన్‌ని కొందరు ఇప్పటికీ బ్రహ్మాస్త్రంలా చెబుతారు. సిలికాన్‌ని అది ఉబ్బించేది పొడవులో 22 శాతం, టాలుయిన్ కంటే తక్కువే. శరీరంలోకి పోతే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. తలుపులు మూసిన స్నానాల గదుల్లో దీంతో పనిచేస్తూ మనుషులు చనిపోయారు. అమెరికా 2019లో మామూలు జనానికి అమ్మే పెయింట్ రిమూవర్లలో దీన్ని నిషేధించింది. తక్కువ పనికి ఎక్కువ ప్రమాదం.

వేడి, చలి

హీట్ గన్ పెడితే మెత్తబడుతుందన్నది ఇతర సీలెంట్ల విషయంలో నిజం. బ్యూటైల్ మెత్తబడుతుంది. అనేరోబిక్ సీలెంట్ బాగా వేడెక్కితే పట్టు వదులుతుంది. సిలికాన్ కరగదు, మెత్తబడదు. దాని గొప్పే అది కదా! 150 డిగ్రీలు దాటి గాలిలో కాగితే కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్ వదలడం మొదలుపెడుతుంది. మంట పెట్టి కాల్చేస్తే తెల్ల సిలికా లోహానికి అంటుకుపోయి ఇంకో తలనొప్పి. ఈలోపు వేడితో గట్టిపరిచిన అల్యూమినియం ముక్క 200 డిగ్రీల దగ్గరే తన బలం పోగొట్టుకోవడం మొదలుపెడుతుంది.

ఫ్రీజర్‌లో పెడితే పెళుసెక్కుతుందన్న చిట్కా కూడా సిలికాన్ ముందు ఓడిపోతుంది. ఇది గాజులా మారాలంటే సున్నాకు దిగువన దాదాపు 125 డిగ్రీల చలి కావాలి. ఇంట్లో ఫ్రీజర్ ఇచ్చేది మైనస్ 18. డ్రై ఐస్ కూడా మైనస్ 78 దగ్గరే ఆగిపోతుంది. ఆ చలికి సిలికాన్ బిగుసుకుంటుంది గానీ గాజులా పగలదు. 1969లో చంద్రుడి మీద అడుగుపెట్టిన బూట్ల అట్టలకు సిలికాన్ రబ్బరును ఎంచుకున్నారంటే ఊరికే కాదు.

వెల్డింగ్ చేసేవాళ్లకు ఒక్క మాట. అతుకు శుభ్రం చేయడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టి, అది ఆరకముందే వెల్డింగ్ మొదలుపెట్టకండి. ఆ వేడికీ వెలుగుకీ అది ఫాస్జీన్ అవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులను చంపడానికి వాడిన విషవాయువు అది.

కంటికి కనిపించని మూడో పొర

లావు ముక్క పోయింది, ఉల్లిపొర పోయింది, లోహం తళతళలాడుతోంది. ఇంకా పని అయిపోలేదు. సిలికాన్ వలలో ముడిపడకుండా మిగిలిన కొద్దిపాటి నూనె లోహం మీద కనిపించని పొరగా ఉండిపోతుంది. ఆ నూనె ఉన్నచోట పెయింట్ పరుచుకోదు. బ్రష్ వెనకే చేపకళ్లలా గుండ్రటి గుంటలు తేలతాయి. కొత్త సీలెంట్ కూడా సరిగా అంటుకోదు.

ఇక్కడ అదృష్టం మన పక్షాన ఉంది. ఈ నూనె వల కాదు, విడి గొలుసులే. కాబట్టి ఇది నిజంగానే కరుగుతుంది, అదీ టర్పెంటైన్ జాతిలోనే. స్పిరిట్‌తో తుడిస్తే పోదు. అయితే ఒకే గుడ్డతో తుడుస్తూ పోతే ఒకచోటి నూనెను ఇంకోచోట పూసినట్టే. రెండు గుడ్డలు పెట్టుకోండి. మొదటిది తడిది. దానితో తుడిచి, అది ఆరకముందే రెండో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ప్రతిసారీ గుడ్డ కొత్త మడత తిప్పాలి. మూడు నాలుగు సార్లు ఇలా చేశాక, మిగిలిన టర్పెంటైన్ జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. గరుకు కాగితం వాడాల్సి ఉంటే ఇదంతా అయ్యాకే వాడాలి. ముందే రుద్దితే నూనెను గీతల్లోకి కూరినట్టవుతుంది. తడి గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకుండా ఆరుబయట విప్పి ఆరేయండి.

శుభ్రమైందో లేదో చెప్పడానికి యంత్రాలు అక్కర్లేదు. చల్లటి లోహం మీద అద్దం మీద ఊదినట్టు ఊదండి. నూనె ఉన్నచోట ఆవిరి మచ్చ వేరేలా పడుతుంది, పాత వేలిముద్రలు కూడా కనిపిస్తాయి. ఆ తర్వాత నీళ్లు పోయండి. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, సిలికాన్ ఉపరితలానిది 21 దగ్గర. తనకంటే అంత తక్కువ శక్తి ఉన్న ఉపరితలం మీద నీరు పరుచుకోలేదు, తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటుంది. శుభ్రమైన లోహం మీద అయితే పల్చటి పలకలా పరుచుకుంటుంది.

నా మూతను కుళాయి కింద పెట్టి, పక్కకు వంచి చూశాను. మూడు వైపులా నీరు గాజుపలకలా నిలిచింది. నాలుగో వైపు, ఒక బోల్టు రంధ్రం పక్కన, కందిగింజంత చోట నీరు చీలి వెనక్కి జరిగింది. కంటికి అక్కడ ఏమీ కనిపించలేదు. గ్లౌజు వేసుకుని టర్పెంటైన్ తడితో ఆ చోటే వేలితో రుద్దితే, వెంట్రుకంత సన్నటి బూడిద రంగు పోగు ఒకటి చుట్టుకుని లేచింది. మళ్లీ తుడిచి, మళ్లీ నీళ్లు పోసి, ముప్పై అంకెలు లెక్కపెట్టాను. ఈసారి పలక ఎక్కడా చీలలేదు. మూతను ఆరబెట్టి, కొత్త సీలెంట్ ట్యూబు మూత తిప్పాను.